గ్వాంగ్‌జౌలో ఇల్లాలికి పొద్దెలా గడుస్తుంది?

మావారికి గ్వాంగ్‌జౌలో ఉద్యోగం వచ్చింది, ఆయన ముందు వెళ్తున్నారు, రెండు నెలల తర్వాత ఐదేళ్ల పాపతో నేను వెళ్లాలి, ఇక్కడి ఉద్యోగం మానేస్తున్నాను, చైనా భాష ఒక్క ముక్క రాదు, పొద్దంతా ఏం చేయాలి అక్కా అని అడిగారు. తిండి, బడి, ఆసుపత్రి, అమ్మావాళ్లతో ఫోన్లు, ఇల్లు ఎక్కడ తీసుకోవాలన్నదీ అడిగారు. నేనూ ఖమ్మం నుంచి సరిగ్గా ఇలాగే, చంటిపిల్లతో, మావారి వెనకాల వచ్చినదాన్నే. ఆయనది బట్టల తానుల వ్యాపారం. నేను చాలాకాలం ఇంట్లోనే ఉండి, ఆ తర్వాత ఎగుమతి బట్టలు లోడింగ్‌కి ముందు చెక్ చేసే ఉద్యోగంలో చేరాను. కాబట్టి ఇంట్లో ఉన్న రోజులూ తెలుసు, బయట తిరిగిన రోజులూ తెలుసు.

అసలు మాట ముందే చెప్పేస్తాను. ఈ ఊళ్లో పనులు చిటికెలో అయిపోతాయి, మనుషులే ఆలస్యంగా దొరుకుతారు. రెండోది మొదటిదాని వల్ల వచ్చిన తిప్పలే. కూరగాయలు, కరెంటు బిల్లు, ట్యాక్సీ, మందులు అన్నీ ఫోన్‌లో అయిపోతుంటే నోరు విప్పే అవసరమే రాదు. నోరు విప్పకుండా ఏడాది గడిపేసిన మన ఆడవాళ్లని చూశాను. వాళ్లకి ఊరి మీద ఒక్క ఫిర్యాదూ ఉండదు, అయినా ఎప్పుడు వెళ్లిపోదామా అని రోజులు లెక్కపెట్టుకుంటుంటారు. మీరు స్నేహితుల్ని ఇంగ్లిష్ వచ్చిన ఆఫీసు వాళ్లలో వెతక్కండి. అపార్ట్‌మెంట్ కింద మనవల్ని ఆడించే ముసలమ్మల్లో వెతకండి. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, ముందు కాగితాల సంగతి చూద్దాం.

హోటల్లో కాకుండా సొంతంగా అద్దెకి తీసుకున్న ఇంట్లో దిగితే 24 గంటల్లోపు దగ్గర్లోని పోలీస్ స్టేషన్లో పేరు నమోదు చేయించుకోవాలి. ఇది 2013 నుంచి అమల్లో ఉన్న చట్టం. ఇల్లు మారినప్పుడల్లా మళ్లీ చేయించుకోవాలి. మీకూ పాపకీ వచ్చేది బహుశా ఎస్1 వీసా, అంటే అక్కడ ఉద్యోగం చేసేవాళ్ల కుటుంబానికిచ్చేది. దిగిన 30 రోజుల్లోపు దాన్ని నివాస పర్మిట్‌గా మార్చుకోవాలి. ఈ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. ఏదైనా కంపెనీ మీ పేరు మీద వర్క్ పర్మిట్ తీయిస్తేనే చేయాలి, నేను అలాగే చేరాను. "ఊరికే పిల్లలకి ఇంగ్లిష్ చెప్పండి, చేతికి డబ్బులిస్తాం" అని అడిగేవాళ్లు తప్పకుండా తగులుతారు. ఒప్పుకోకండి. పట్టుబడితే జరిమానాతో పోదు, మీవారి ఉద్యోగానికే ముప్పు.

డబ్బు సంగతికి పెద్ద కథ లేదు. అక్కడ డబ్బు కట్టేది అలీపే, వీచాట్ ఆప్‌లతో, వీచాట్ మన వాట్సాప్‌లా మాట్లాడుకోడానికి కూడా. రెండింటికీ విదేశీ బ్యాంకు కార్డులు, వీసావైనా మాస్టర్‌కార్డువైనా, తగిలించుకోవచ్చు. అలీపేలో విదేశీ కార్డుతో 200 యువాన్ల లోపు అయితే అదనపు రుసుం ఉండదు, పైన అయితే 3 శాతం పడుతుంది. స్థానిక బ్యాంకు ఖాతా తెరిచాక ఆ బాధా ఉండదు. ఒక్క చిక్కుంది. మన ప్రభుత్వం 2020 జూన్ 29న నిషేధించిన 59 ఆప్‌లలో వీచాట్ ఒకటి. కాబట్టి మన ఫోన్‌తో కుస్తీ పట్టకుండా, మీవారిని అక్కడే ఒక ఫోనూ సిమ్మూ కొని ఉంచమనండి. సిమ్‌కి మీ పాస్‌పోర్ట్ కావాలి కాబట్టి మీ పేరు మీదది మీరు వచ్చాకే తీసుకోవాలి. వీచాట్‌లో కొత్త ఖాతా తెరిచేటప్పుడు పాత ఖాతా ఉన్నవాళ్లు ఒకరు మీకు పూచీ పడాల్సి రావచ్చు, మీవారి ఆఫీసులో ఎవరినైనా ముందే అడిగి పెట్టుకోండి.

ఇక ఇంటికి ఫోన్. నిజంగా ఏడిపించేది ఇదే. అక్కడ వాట్సాప్, గూగుల్, యూట్యూబ్, ఫేస్‌బుక్ పనిచేయవు. మన దగ్గర అమ్మావాళ్ల ఫోన్‌లో వీచాట్ ఎక్కదు. రెండు దేశాలూ కలిసి సరిగ్గా మీ అమ్మగారికీ మీకూ మధ్యే గోడ కట్టినట్టు ఉంటుంది. విదేశీ సిమ్ రోమింగ్‌లో పెట్టుకుంటే డేటా సొంత దేశపు నెట్‌వర్క్ ద్వారా వెళ్తుంది కాబట్టి వాట్సాప్ పనిచేస్తుంది. రోజూ మాట్లాడాలంటే ఖర్చు, కానీ మొదటి నెల ప్రాణాలు నిలబెట్టేది అదే. రెండు వైపులా ఐఫోన్ ఉంటే ఫేస్‌టైమ్ పనిచేస్తుంది. మా ఇంట్లో చివరికి అమ్మకి పాత ఐఫోన్ ఒకటి పంపి ఆ గొడవ తీర్చుకున్నాం. ఆ అడ్డు దాటిస్తాయని అందరూ చెప్పే వీపీఎన్ ఆప్‌ల సంగతికొస్తే, అనుమతి లేనివాటిని చట్టం ఒప్పుకోదు, ఒక్కోసారి పనిచేయవు కూడా. అది మీరూ మీవారూ ఆలోచించుకోవాల్సిన విషయం. టైం తేడా రెండున్నర గంటలే. మీకు రాత్రి పదైతే ఇంటి దగ్గర ఏడున్నర, అంటే సీరియళ్ల వేళ. అప్పుడు చేస్తే "ఊఁ, ఊఁ" తప్ప ఇంకేమీ వినబడదు.

తిండికి వద్దాం. మన దగ్గర చైనీస్ నూడుల్స్, గోబీ మంచూరియా అని మనం తినేవాటికీ గ్వాంగ్‌జౌ వంటకీ చుట్టరికమే లేదు. వీళ్లది కారం లేని వంట. చేపని ఉడికించి, అల్లం ఉల్లికాడలు చల్లి, మీద కాగిన నూనె పోసి అంతే అంటారు. మాంసాహారులైతే నెలలో అలవాటుపడతారు. శాకాహారులైతే బయట జాగ్రత్త. ఆకుకూర వేపుడులోనూ పంది కొవ్వో, ఆయిస్టర్ సాసో ఉండొచ్చు. ముల్లంగి కేక్ అని పెడతారు, పేరు చూసి మోసపోవద్దు, లోపల ఎండు సాసేజ్ ముక్కలుంటాయి. బౌద్ధుల శాకాహార హోటళ్లు ఊళ్లో చాలా ఉన్నాయి, వాటిలో నిశ్చింతగా తినొచ్చు.

కానీ కూరగాయల మార్కెట్‌కి వెళ్లిన రోజున మీకు ఊపిరొస్తుంది. గ్వాంగ్‌జౌది మన కోస్తా లాంటి ఉక్కపోత వాతావరణం కాబట్టి మన కూరలే పండుతాయి. బీరకాయ, నిగనిగలాడే కాకరకాయ, ఎర్ర తోటకూర, బచ్చలి, తూటికూర, చేమదుంపలు, బూడిద గుమ్మడి, పొడుగు వంకాయ, బెండకాయ అన్నీ ఉంటాయి. బూడిద గుమ్మడిని వడియాలకి కాకుండా సూప్‌కి కోస్తారు, కాకరకాయని గుడ్డుతో వేపుతారు. దొండకాయ, గోరుచిక్కుడు, ములక్కాడ, గోంగూర మాత్రం మరిచిపోండి. కరివేపాకు, కందిపప్పు, చింతపండు షావోబెయ్, తావోజిన్ చుట్టుపక్కల భారతీయ దుకాణాల్లో దొరుకుతాయి, ఆన్‌లైన్‌లోనూ తెప్పించుకోవచ్చు. పండ్లలో పనస, జామ, మామిడి ఉన్నాయి. చెరుకు రసం బండి కూడా కనబడుతుంది.

బోర్డు మీద రాసే ధర జిన్‌కి. జిన్ అంటే అరకిలో. అది తెలియక అబ్బో ఎంత చవక అని సంచీ నింపేస్తారు కొత్తవాళ్లు. బేరం పెద్దగా ఉండదు గానీ కొసరు ఉంటుంది. కూరలన్నీ తూచాక రెండు ఉల్లికాడలో గుప్పెడు కొత్తిమీరో ఊరికే సంచీలో పడేస్తారు. అడిగినా ఇస్తారు. సూపర్‌మార్కెట్ ఆప్‌లో అరగంటలో ఇంటికొచ్చే కూరలకి కొసరు లేదు, మాట కూడా లేదు. అందుకే, రోజూ కాకపోయినా రోజు విడిచి రోజు మార్కెట్‌కి నడిచి వెళ్లండి, ఒకే మనిషి దగ్గర కొనండి. ఒకటి నుంచి పది వరకు అంకెలు, వాళ్లు చేతివేళ్లతో చూపించే గుర్తులు నేర్చుకుంటే చాలు. ఒక్క చేత్తోనే పది దాకా చూపిస్తారు, అవి మనవాటిలా ఉండవు. నెల తిరిగేసరికి ఆ మనిషి మీ పాపకి బొప్పాయి ముక్క కోసి పెడుతుంది. చేపల వరస, కోళ్ల వరస మాత్రం కళ్ల ముందే కోసే చోటు. పాప భయపడుతుందనుకుంటే అటు తీసుకెళ్లకండి.

ఇప్పుడు ముసలమ్మల సంగతి. 2020 జనాభా లెక్కల ప్రకారం గ్వాంగ్‌జౌ జనాభా 1 కోటి 86 లక్షల పైనే. అందులో దాదాపు సగం మంది బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. హునాన్, హుబెయ్, సిచువాన్, గ్వాంగ్‌షీ లాంటి వేరే రాష్ట్రాల నుంచో, ఈ రాష్ట్రంలోనే దూరపు పల్లెల నుంచో. వాళ్లకి ఈ ఊరి హుకౌ ఉండదు. హుకౌ అంటే పుట్టిన ఊరికి కట్టేసే కుటుంబ నమోదు. పిల్లల బడి సీటు, పెన్షన్, ఆసుపత్రి ఖర్చు చాలావరకు దాని మీదే ఆధారపడతాయి. ఇక ఆడవాళ్ల రిటైర్మెంట్ వయసు మొన్నటిదాకా ఉద్యోగాన్ని బట్టి 50, లేదా 55. 2025 జనవరి నుంచే దాన్ని మెల్లగా పెంచుకుంటూ వెళ్తున్నారు. కాబట్టి యాభై రెండేళ్లకే ఉద్యోగం అయిపోయి, ఓపిక మిగిలున్న అమ్మమ్మలూ నాయనమ్మలూ కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో మనవడిని పెంచడానికి ఊరుగాని ఊరు వస్తారు. కొడుకూ కోడలూ రాత్రి తొమ్మిదికి గానీ ఇల్లు చేరరు. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా, వారానికి ఆరు రోజుల పని చట్టవిరుద్ధమని 2021లో అక్కడి సుప్రీంకోర్టే చెప్పింది, అయినా చాలా ఆఫీసుల్లో ఏమీ మారలేదు.

అంటే మీ అపార్ట్‌మెంట్ కింద బల్ల మీద కూర్చున్న ఆవిడ పరిస్థితి ఏమిటో చూడండి. ఊరు కొత్త. చుట్టూ వినబడే ఈ ఊరి భాష కాంటనీస్ ఒక్క ముక్క అర్థం కాదు. దేశమంతటికీ ఉమ్మడి భాష మాండరిన్, తనకొచ్చిన ఆ మాండరిన్‌లోనూ సగం సొంతూరి యాసే. మొగుడు పల్లెలో పొలం చూసుకుంటూ ఉండిపోయి ఉంటాడు. పొద్దున పిల్లాణ్ణి బడిలో దింపి, సాయంత్రం తెచ్చేదాకా ఎవరితో మాట్లాడాలో తెలియదు. ఇది అచ్చం మీ పరిస్థితే. మీ వచ్చీరాని మాండరిన్ విని నవ్వనిది ఆవిడే. నెమ్మదిగా మాట్లాడేదీ ఆవిడే, మాట్లాడ్డానికి గంటల తరబడి టైం ఉన్నదీ ఆవిడకే.

నాకు మొదటి స్నేహం హునాన్ నుంచి వచ్చిన ఒకావిడతో కుదిరింది. మా పిల్లా, ఆవిడ మనవడూ ఒకే జారుడుబల్ల కోసం కొట్టుకున్నారు. పెద్దవాళ్లం నవ్వుకున్నాం, అంతే. హునాన్ వాళ్లకి కారం కావాలి. గ్వాంగ్‌జౌ తిండి చప్పగా ఉందని నా దగ్గర ఎన్నిసార్లు మొరపెట్టుకుందో. ఒకరోజు జాడీ తెచ్చింది, పండుమిరపకాయలు తరిగి ఉప్పుపెట్టి ఊరేసినది. రుచి చూసి నాకు మాట రాలేదు. వెల్లుల్లి పోపు పెట్టి వేడన్నంలో కలిపి ఆవిడ ముందే తిన్నాను. మర్నాడు మా గుంటూరు కారప్పొడి గిన్నెడు ఇచ్చాను. ఆవిడ దాన్ని నూడుల్స్ మీద చల్లుకుంది. ఇప్పటికీ మేం ఒకరి పేరు ఒకరు పిలుచుకోం. నేను ఫలానా పిల్ల వాళ్లమ్మని, ఆవిడ ఫలానా అబ్బాయి నాయనమ్మ. అక్కడ బడి గ్రూపుల్లో, పార్కుల్లో అందరూ అలాగే పిలుచుకుంటారు, మీకూ పాప పేరే వస్తుంది. మన ఊళ్లలో "బుజ్జి వాళ్లమ్మా" అని పిలిపించుకున్నవాళ్లకి ఇదేం కొత్త కాదు.

వాళ్లతో తిరిగితే ఊరు కాళ్లకి అలవాటవుతుంది. మార్చిలో బూరుగుచెట్లు ఆకులన్నీ రాల్చి ఎర్రగా పూస్తాయి. అదే ఈ నగర పుష్పం. రాలిన పూలని ముసలమ్మలు సంచుల్లో ఏరుకుని, ఎండబెట్టి, సూప్‌లో వేస్తారు. రాత్రి ఏడున్నరకి ఖాళీ స్థలంలో స్పీకర్ పెట్టి డాన్స్ మొదలెడతారు. వెనక వరసలో ఎవరైనా చేరొచ్చు, ఎవరూ అడగరు. సిగ్గు పడకండి, నేను రెండో వారమే చేరాను, మోకాళ్లకి మంచిది. లీవాన్ జిల్లాలో హ్వాలిన్ గుడి ఉంది, చుట్టూ జేడ్ అనే పచ్చరాళ్ల దుకాణాలు. బౌద్ధ గురువు బోధిధర్ముడు మన దేశం నుంచి ఓడలో వచ్చి దిగింది ఆ దగ్గరేనని వాళ్ల నమ్మకం. నన్ను అక్కడికి తీసుకెళ్లినావిడ అందరికీ నన్ను "ఆయన ఊరావిడ" అని చెప్పుకొచ్చింది. నేను సరిచేయలేదు.

ఒంట్లో బాగాలేనప్పుడు కూడా మొదటి సలహా వాళ్లదే వస్తుంది. మనకి మామిడిపళ్లు వేడి చేసినట్టే వాళ్లకి లీచీలు వేడి చేస్తాయి. ఒక్క లీచీ తింటే మూడు కాగడాల మంట అని కాంటనీస్ సామెత. జూన్, జూలైలో లీచీల కాలం. తింటూనే ఉంటారు, తిట్టుకుంటూనే ఉంటారు, ఆ వేడికి విరుగుడుగా వీధి చివర ల్యాంగ్‌చా కొట్టుకి వెళ్లి నల్లటి చేదు కషాయం తాగుతారు. గొంతు నొప్పికీ, పుండుకీ, నిద్ర పట్టకపోయినా అదే మందు. చన్నీళ్లు తాగితే కళ్లెర్ర చేస్తారు. హోటల్లో, రైల్లో, ఆఫీసులో ఎక్కడైనా దొరికేది వేణ్ణీళ్లే, ఫ్లాస్కు కొనుక్కోండి. మా పక్కింటమ్మాయి పురుడొచ్చి నెల రోజులు గడప దాటలేదు. తలస్నానం వద్దు, గాలి తగలకూడదు, అల్లం దండిగా తినాలి. మా అమ్మ ఫోన్‌లో ఆ పథ్యం అంతా విని "మనవాళ్లేనే" అంది. అల్లంతో పాటు పంది కాళ్లు కూడా సిర్కాలో ఉడికిస్తారన్నది నేను చెప్పలేదు.

నిజంగా జబ్బు చేస్తే మాత్రం కషాయాలు పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లండి. వీధి డాక్టర్ అనే అలవాటు తక్కువ, జ్వరానికైనా పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికే వెళ్తారు. ఫోన్‌లో నంబరు తీసుకోవాలి. డాక్టర్ మూడు నిమిషాలు చూసి రక్తపరీక్ష రాస్తారు. డబ్బు కట్టి, రక్తమిచ్చి, రిపోర్టు ఫోన్‌లోకి రాగానే మళ్లీ అదే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. అడుగడుగునా విడిగా కట్టాలి. మొదటిసారి బెంబేలెత్తిపోతారు గానీ పద్ధతి తెలిశాక వేగంగానే అయిపోతుంది. భాష తెలిసిన మనిషి తోడుంటే నయం. అంబులెన్స్ 120, పోలీస్ 110, ఫైర్ 119. పాప టీకాల కార్డు ఇంగ్లిష్‌లో తెచ్చుకోండి, బడిలో కూడా అడుగుతారు.

బడి గురించి. ఐదేళ్లకి అక్కడ కిండర్‌గార్టెనే, ఆరు నిండాకే ఒకటో తరగతి. ఇంటర్నేషనల్ స్కూల్ ఫీజు కంపెనీ ఇస్తుందేమో మీవారిని ఇప్పుడే గట్టిగా అడగమనండి, ఏడాదికి లక్ష యువాన్లు దాటడం మామూలే. కంపెనీ ఇవ్వకపోతే అప్పటిదాకా మామూలు చైనా కిండర్‌గార్టెన్ హాయి. మధ్యాహ్నం వరసగా మంచాలేసి పిల్లల్ని నిద్రపుచ్చుతారు, పాట, ఆట, తిండి. మూడు నెలల్లో మీ పాప మాండరిన్ మాట్లాడుతుంది, ఆరు నెలల్లో మిమ్మల్ని సరిదిద్దుతుంది. చదువుల ఒత్తిడి మాత్రం అక్కడా ఉంది. జూన్ 7న మొదలయ్యే కాలేజీ ప్రవేశ పరీక్ష గావ్‌కావ్ రోజుల్లో హారన్ కొట్టడానికి కూడా భయపడతారు. 2021 జూలైలో ప్రభుత్వం బడి సబ్జెక్టుల ట్యూషన్ వ్యాపారాన్ని ఒక్క ఉత్తర్వుతో ఆపేసింది. మన కార్పొరేట్ కాలేజీల సంగతి చెబితే అక్కడి తల్లులు ఆశ్చర్యపోలేదు, "మీకింకా ట్యూషన్లు ఉన్నాయా" అని అసూయపడ్డారు.

వాతావరణంలో మీరు ఊహించనిది ఒకటుంది. ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా సముద్రం మీది తడిగాలి వచ్చి చల్లబడి ఉన్న గోడలకి తగిలి నీరవుతుంది. గోడలు చెమట పడతాయి, నేల తడుస్తుంది, అద్దాలు మసకబారతాయి, వారం పాటు బట్టలు ఆరవు. హ్వేనాన్‌త్యెన్ అంటారు. గాలాడుతుందని కిటికీలు తెరిస్తే ఇంకా ముంచుతుంది. మూసేసి, తేమ పీల్చే మిషన్ పెట్టుకోవాలి. అప్పడాలు, పప్పులు, కారప్పొడి గాలి చొరని డబ్బాల్లో పెట్టండి. చలికాలంలో పది డిగ్రీలే కానీ ఇంట్లో హీటర్ ఉండదు. ప్రభుత్వం వేడి ఏర్పాటు చేసేది ఉత్తరాది ఊళ్లకే. తుఫాను కాలంలో హెచ్చరిక రంగు మారితే బడులు మూసేస్తారు, మెసేజ్ వస్తుంది.

రాత్రి పదకొండింటికి ఒంటరిగా మెట్రో దిగి నడిచి రాగలరా అంటే, రాగలరు. భయం లేకపోవడం అనేది మన ఆడవాళ్లకి ఎంత పెద్ద సంగతో అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది. దానికి ఇంకో వైపూ ఉంది. ప్రతి మలుపులో కెమెరా, సిమ్ నుంచి రైలు టికెట్ దాకా పాస్‌పోర్ట్ నంబరు, గ్రూపుల్లో రాసేముందు రెండుసార్లు ఆలోచించడం. రాజకీయాలు వాళ్లు మాట్లాడరు, మీరూ అడక్కండి. మాట్లాడితే చిక్కు వాళ్లకే. 2022 నవంబర్‌లో మావారి మార్కెట్ ఉన్న హైజూ జిల్లాని కొవిడ్ పేరుతో మూసేసినప్పుడు అదే క్రమశిక్షణ రెండో ముఖం చూశాం. ఆ పక్కనే కాంగ్‌లె అనే వాడ. మామూలు రోజుల్లో పొద్దున్నే కుట్టు కార్ఖానాల యజమానులు కుట్టిన చొక్కా పట్టుకుని వీధిలో నిలబడతారు, దర్జీలు కుట్టు తిప్పి చూసి ముక్కకి ఇంత అని బేరమాడతారు. ఆ వీధికే కంచెలు పడ్డాయి. అక్కడివాళ్లెవరూ ఇప్పుడు దాని గురించి ఎత్తరు, మేమూ ఎత్తం.

వాళ్లు మనల్ని ఇంటికి పిలవడం తక్కువ, ఇళ్లు చిన్నవి. పిలిస్తే పొద్దున టీకి పిలుస్తారు. పేరుకే టీ, మూడు గంటలు పడుతుంది. ముందు గిన్నెలూ కప్పులూ వేడి టీతో కడుగుతారు. మీకు టీ పోస్తే రెండు వేళ్లతో బల్ల మీద తట్టండి, అదే థాంక్స్. కెటిల్ మూత పక్కకి తీసిపెడితే వేణ్ణీళ్లు తెచ్చి పోస్తారు. ముసలాయన పేపరు చదువుకుంటూ ఒక్కడే కూర్చున్నా ఎవరూ లేపరు. బిల్లు దగ్గర మన పెళ్లిళ్లలోలా చేతులు పట్టుకుని కొట్లాట జరుగుతుంది, ఒకసారి వాళ్లని కట్టనిచ్చి తర్వాతిసారి మీరు ముందే కౌంటర్ దగ్గరికి జారుకోండి. వాళ్ల కొత్త సంవత్సరానికి మీరు పెళ్లైనవాళ్లు కాబట్టి డబ్బు పెట్టిన ఎర్ర కవర్లు మీరే ఇవ్వాలి. వాచ్‌మన్‌కీ, ఊడ్చే ఆవిడకీ, పిల్లలకీ ఐదో పదో యువాన్లు పెడితే చాలు, గ్వాంగ్‌జౌలో ఎంత పెట్టారో చూడరు. ఆ పండగ పది రోజులూ మీ కూరలావిడ కూడా ఊరెళ్లిపోతుంది, ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ ముందే కొని పెట్టుకోండి.

సామానులో మిక్సీ, కుక్కర్ తెచ్చుకోండి. కరెంటు 220 వోల్టులే, కానీ మన గుండ్రటి పిన్నులు అక్కడి సాకెట్లో దూరవు, అడాప్టర్లు కావాలి. పచ్చి ఆకులు, పళ్లు, విత్తనాలు, మాంసం పచ్చళ్లు కస్టమ్స్‌లో తీసేస్తారు. బాత్రూంలో నీళ్ల పైపు ఉండదు, అక్కడి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, బిగించడానికి వచ్చిన ప్లంబర్‌కి అది ఎందుకో వివరించే పని మాత్రం మీవారికి అప్పజెప్పండి. బయటికెళ్తే టిష్యూ పేపర్ సంచీలో ఉండాలి, చాలా టాయిలెట్లలో ఉండదు. ఫుట్‌పాత్ మీద చప్పుడు లేని ఎలక్ట్రిక్ స్కూటర్లు వెనక నుంచి వస్తాయి, పాప చెయ్యి వదలకండి. ప్రయాణం ఇప్పుడు నయం, 2020 నుంచి ఆగిపోయిన నేరు విమానాలు 2025 అక్టోబర్ 26న కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకి మళ్లీ మొదలయ్యాయి.

ఇల్లు ఎక్కడ అన్నారు. విదేశీయులంతా జూజియాంగ్ కొత్త నగరంలో అద్దాల మేడలు చూపించమంటారు. మీవారి కంపెనీ అద్దె కట్టినా సరే, నేనైతే వద్దంటాను. లిఫ్టులో దిగడం, కారెక్కడం, అంతే ఉంటుంది అక్కడ. హైజూలోనో, యువేషియూలోనో, తియాన్‌హ పాత వాడల్లోనో, మెట్రోకి పది నిమిషాల నడకలో, కూరగాయల మార్కెట్‌కి ఇంకా దగ్గరలో చూడండి. మరీ పాత మేడలకి లిఫ్టు ఉండదు, అది అడగండి. ఇల్లు చూడటానికి సాయంత్రం నాలుగున్నర, ఐదు మధ్య వెళ్లమనండి మీవారిని. గేటు లోపల మర్రిచెట్టు కింద బల్లలున్నాయా, వాటి మీద ముసలమ్మలున్నారా, పిల్లలు అరుస్తున్నారా చూసి ఫోటో పంపమనండి. అద్దెకి మామూలుగా రెండు నెలల డిపాజిట్, ఒక నెల అడ్వాన్స్ అడుగుతారు. పోలీస్ నమోదుకి యజమాని కాగితాలు ఇస్తాడో లేదో డబ్బు కట్టకముందే తేల్చుకోవాలి. విదేశీయులంటే ఆ పని ఎవరు చేస్తారని తప్పించుకునే యజమానులుంటారు, అలాంటి ఇల్లు ఎంత బాగున్నా వదిలేయండి.